చెల్లెలి దీపం

కోడలు పలుపికి నొప్పులు మొదలైన పొద్దున వరిమిల్లు వాళ్ళింట్లో మూసి ఉన్నది ఏదీ మిగల్లేదు. ఆమె మొగుడు హందోకో, మంత్రసాని కత్మియా అవ్వ చెప్పింది చెప్పినట్టు చేశాడు. బీరువాలు తెరిచాడు, పెట్టెల మూతలు ఎత్తాడు, బియ్యం డబ్బా మూత తీసి పక్కన పెట్టాడు, కిటికీల గడియలన్నీ లాగాడు. ఇంట్లో ఒక్క ముడి బిగిసి ఉన్నా కడుపులో బిడ్డకి దారి బిగుసుకుంటుంది మరి. తొలిసారి తండ్రి కాబోయేవాడి భక్తికి హద్దుంటుందా? చివరికి కోళ్ళగూడు తలుపు కూడా తీసేశాడు. పెట్టలన్నీ బిలబిలమంటూ వీధిలోకి పోయాయి.

"తలుపులు తియ్యమంటే సంసారం వీధిన పెట్టావేంట్రా?" అంది వాళ్ళమ్మ సుదర్మి, చీపురు పట్టుకుని పుంజు వెనక పరిగెడుతూ.

"అవ్వ అన్నీ తియ్యమంది కదమ్మా."

"అవ్వ చెబితే నూతిలో కూడా దూకుతావు. ముందు ఆ నల్లపెట్టని పట్టుకో."

కత్మియా అవ్వ ఇదేమీ పట్టించుకోలేదు. వసారాలో పీట మీద కూర్చున్న పలుపి జుట్టుముడి విప్పి, కొబ్బరినూనె రాసి, వేళ్ళతో పాయలు తీస్తోంది. చెవిపోగులు తీయించింది. వేలి ఉంగరం తీయించింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల నుదురు తన పొట్టకి ఆనించుకుని, వీపు మీద అరచేత్తో పైనుంచి కిందకి నెమ్మదిగా రాస్తోంది. "వచ్చింది, వస్తోంది, వెళ్ళిపోతోంది, చూడు, వెళ్ళిపోయింది" అంటోంది, గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని సాగనంపుతున్నంత మామూలుగా.

ఒకప్పుడు ఈ ఊళ్ళో బిడ్డలు అవ్వ చేతుల్లోకే వచ్చేవారు. సుదర్మికి హందోకో పుట్టింది కూడా ఆ చేతుల్లోకే. తర్వాత రూలు మారింది. పురుడు పొయ్యడం ఆస్పత్రిలో నర్సమ్మ వంతు అయింది, పక్కన కూర్చోవడం అవ్వ వంతు అయింది. మొదట్లో అవ్వ చేతులు ఊరుకునేవి కావు, వాటంతటవే ముందుకు పోయేవి. నర్సమ్మ లిలిస్ మంచి పనిమంతురాలు, పైగా మాట తెలిసిన మనిషి. "నడుం కింద నేను చూసుకుంటానవ్వా, నడుం పైన నువ్వు చూసుకో" అని పంచి ఇచ్చింది. పంచుకున్నాక అవ్వకి తెలిసొచ్చింది, పైభాగమే పెద్ద వాటా అని. భయం అక్కడుంటుంది, సిగ్గు అక్కడుంటుంది, అమ్మని తలుచుకునే నోరు అక్కడుంటుంది.

నొప్పులు దగ్గరపడ్డాక పలుపిని ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఆస్పత్రి అంటే పెద్దదేమీ కాదు. పురిటిగదిలో రెండు మంచాలు, మధ్య ఒక పరదా. ఒక్కో తల్లికి ఒక్కరే తోడు. పలుపికి తోడు అవ్వ కాబట్టి, సుదర్మి మొహం ముడుచుకుని వరండాలో బల్ల మీద కూర్చుంది. కూర్చున్నదన్న మాటే గానీ, తల మాత్రం తలుపు సందులోనే ఉంది.

లోపలికి పంపేముందు కోడలి చేతికి ఒక బాతిక్ అద్దకపు గుడ్డ ఇచ్చింది సుదర్మి. ముదురు గోధుమరంగు మీద తెల్ల పిట్టలు. హందోకోని కన్నప్పుడు తను నడుముకి కట్టుకున్న గుడ్డ. ఇన్నేళ్ళూ పెట్టెలో లవంగాలు వేసి దాచింది. అవ్వ ఆ గుడ్డని పలుపి నడుం కిందకి పోనిచ్చి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని, పిండి జల్లించినట్టు సన్నగా అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టింది. బిగుసుకుపోయిన తుంటి కాస్త కాస్తగా వదులైంది. పలుపి కళ్ళు మూసుకుని మూలిగింది.

"హాయిగా ఉందా?"

"హాయా? చస్తున్నానవ్వా."

"చచ్చేవాళ్ళు సమాధానం చెప్పరు. ఇంకో గుక్క టీ తాగు."

ఎండ బాగా ఎక్కిన వేళ బయట టోఫు షెడ్డు వాళ్ళ మూడుచక్రాల బండి ఆగింది. తడి తొట్ల మధ్యలోంచి ఒక పిల్ల దిగింది. తొట్టి అంచు పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, తర్వాత ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, గది గుమ్మం దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. పేరు వినార్సి. షెడ్డులో సోయాగింజలు రుబ్బే పని, షెడ్డు వెనక గదిలోనే కాపురం. ఈ ఊరికొచ్చి ఏడాది కూడా కాలేదు.

"నీతో ఎవరొచ్చారమ్మా?" అడిగింది లిలిస్, పరీక్ష చేస్తూ.

"ఎవరూ రాలేదక్కా. మా ఆయన సముద్రం అవతల కాలిమంతాన్‌లో ఉన్నాడు, పామాయిల్ తోటల్లో. ఫోను కలవట్లేదు."

"కాలిమంతాన్ పెద్దదే. ఎంతమంది మొగుళ్ళయినా పడతారు అందులో" అంది వరండాలోంచి సుదర్మి, ఎవరితోనూ కాకుండా. "పెళ్ళిభోజనం తిన్నవాళ్ళు మాత్రం ఈ ఊళ్ళో ఒక్కరూ కనపడరు."

వినార్సికి అది వినపడింది. తలవంచుకుని, నొప్పి రాగానే జాకెట్టు చెయ్యి పళ్ళ మధ్య పెట్టుకుని కొరికింది. చప్పుడు రానివ్వలేదు.

లిలిస్ అవ్వ వంక చూసింది. అవ్వ లేవబోయింది.

"అవ్వా" అంది సుదర్మి, ఈసారి గుమ్మంలోకే వచ్చి. "ఏడో నెల స్నానం చేయించిన నాడు మా పిల్లకే తోడుంటానని మాటిచ్చావు. రెండు పడవల మీద కాళ్ళు పెడితే రెండూ మునుగుతాయి. మా పిల్లకేమైనా అయితే ఊరుకోను, ముందే చెబుతున్నా."

అవ్వ ఎటూ తేల్చుకోలేక నిలబడిపోయింది. మాట ఇచ్చిన సంగతి నిజమే. మిల్లు వాళ్ళింటి మాటకి ఊళ్ళో విలువ ఉంది. సుదర్మి వద్దంటే రేపటినుంచి ఒక్క ఇంటివాళ్ళు కూడా తనని పిలవరు. ఈ గదిలోకి రావడం పోతే ఇంక తనకి మిగిలేది ఇంట్లో గోడలు.

అప్పుడు పలుపి మంచం మీదనుంచి మాట్లాడింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి చిక్కించుకుని ఒక్కో మాటా అంది. "అత్తయ్యా, నేను అరిస్తే మీరందరూ లేచి వస్తున్నారు. ఆ అమ్మాయి గుడ్డ కొరుక్కుంటోంది. ఆ పళ్ళ చప్పుడు నాకు వినపడుతోంది. అది వింటూ నేను కనలేను. అవ్వా, నువ్వు వెళ్ళు. ఈ గుడ్డ కూడా తీసుకెళ్ళు."

"ఆ గుడ్డ..." అని సుదర్మి ఏదో అనబోయింది గానీ, ఈలోగా పలుపికి మళ్ళీ నొప్పొచ్చింది. నొప్పిలో ఉన్న కోడలితో ఏ అత్త వాదించగలదు?

పిట్టల గుడ్డ తీసి అవ్వ వినార్సి నడుముకి చుట్టింది. తన భుజం మీది నీలిగళ్ళ పాత గుడ్డ తీసి పలుపి నడుం కింద పరిచింది. మధ్య పరదాని మూలకి నెట్టేసింది. రెండు మంచాల మధ్య నిలబడి చెరో చెయ్యీ చెరొకరికి ఇచ్చింది. నొప్పులు కూడా బుద్ధిగా వంతులు పెట్టుకున్నాయి. ఒకరికి వచ్చినప్పుడు అటు తిరిగి నడుం అడుగున రెండు అరచేతులూ ఆనించి బలంగా నొక్కేది, తగ్గగానే ఇటు తిరిగేది. గంట గడిచేసరికి అవ్వ నుదుటి చెమట తుడిచేందుకు పలుపే చెయ్యి చాచింది.

"నోరు మూసుకోకు తల్లీ" అంది అవ్వ వినార్సితో. "పైన మూసుకుంటే కిందా మూసుకుంటుంది. గట్టిగా అరిచెయ్."

"బయట ఆ అమ్మగారున్నారు."

"ఆవిడా? ఇదే గుడ్డ కట్టుకుని ఆవిడ పెట్టిన కేకకి మిల్లు ఆపేశారు, మిషన్లో ఏదో విరిగిందనుకుని. నేనక్కడే ఉన్నా."

పలుపి పక్కుమంది. వినార్సికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు నొప్పొచ్చింది, ఆ రెండూ కలిసి గొంతులోంచి పెద్దకేకగా బయటికొచ్చాయి. ఆ రోజు ఆ పిల్ల నోటినుంచి వచ్చిన మొదటి కేక అదే. ఒకసారి దారి తెలిశాక ఇంక ఆగలేదు.

అందరూ అనుకున్నది పలుపి ముందని. పుట్టింది మాత్రం వినార్సి కూతురు ముందు. దాని వెనకాలే మాయ పడింది. లిలిస్ దాన్ని తిప్పి చూసి, సరిగ్గా ఉందని తలాడించి, సంచీలో వేసి ఇచ్చింది. అవ్వ ఆ తల్లి నడుముకున్న గుడ్డలోనే మూట కట్టి అరుగు మీద పెట్టింది. అది అవ్వ ఏనాటి అలవాటో. ఆస్పత్రి సంచులన్నీ ఒక్కలాగే ఉంటాయి, గుడ్డలు ఉండవు. బిడ్డ వెనకాలే వచ్చేది బిడ్డకి చెల్లి. తొమ్మిది నెలలు పక్కపక్కనే పడుకున్నవాళ్ళు. ఆ చెల్లి వేరే ఇంటికి పోకూడదు కదా.

మూట ముడి వేసీ వెయ్యకముందే పలుపి "అవ్వా" అని కేక పెట్టింది. పొద్దు వాలకముందే ఆమెకీ కూతురే పుట్టింది. ఆ మాయ ఆ మంచం మీదున్న నీలిగళ్ళ గుడ్డలోకి వెళ్ళింది. అటు వినార్సికి పురిటి వణుకు పట్టుకుంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. అవ్వ ఆ పాదాలు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ ఉండగా హందోకో తలుపు దగ్గర కనిపించాడు. పాప చెవిలో ప్రార్థన చెప్పి వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అవ్వా, చెల్లి ఏది?"

"మీ గుడ్డలో కట్టి అరుగు మీద పెట్టా. గుడ్డ చూసి తీసుకుపో నాయనా" అంది అవ్వ, తల తిప్పకుండా.

హందోకో చూశాడు. పిట్టల గుడ్డ వాడికి తెలియనిదా? రెండు చేతులా గుండెలకి హత్తుకుని తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం మిల్లు వాళ్ళింట్లో జరిగింది ఊరంతా చెప్పుకుంది. కోడిని కోస్తే చూడలేని హందోకో, కొత్త లుంగీ కట్టుకుని నూతి దగ్గర కూర్చుని, చింతపండూ ఉప్పూ వేసి తన చేతులతో ఆ మాయని నీళ్ళు తేటపడేదాకా కడిగాడట. కడుగుతున్నంతసేపూ ఏడ్చాడట. కొత్త కుండలో పువ్వులు, సూదీ దారం, గుప్పెడు బియ్యం వేసి, గుమ్మానికి ఎడమపక్క చూరు కింద పాతి, పైన దీపం పెట్టి, గాలి తగలకుండా వెదురుబుట్ట బోర్లించాడు.

షెడ్డు వెనక ఇంత వైభోగం లేదు. మిగిలిన మూట అవ్వే తెచ్చింది. తన నీలిగళ్ళ గుడ్డే కనక అనుమానం రాలేదు. ఆ పిల్లకి గుడ్డెక్కడిది, తనదే కదా కట్టి ఉంటాను అనుకుంది. తండ్రి చెయ్యాల్సిన పని, తండ్రి సముద్రం అవతల ఉన్నాడు. షెడ్డు యజమాని గునపం ఇచ్చి, "గోడ కదలకుండా తవ్వుకో" అన్నాడు. అవ్వ నడుం పట్టుకుంటూ గుంట తవ్వింది. ఖాళీ డబ్బాలో ఒత్తి వేసి వెలిగించింది. నెల మీద అయిదు రోజులు ఆ దీపం ఆగకూడదు.

మూడో రోజు పొద్దున మిల్లు వాళ్ళింట్లో పాపకి నీళ్ళు పోస్తోంది అవ్వ. ఎడమచేతి మీద మెడ ఆనించి, కుడిచేత్తో గోరువెచ్చని నీళ్ళు పొట్ట మీద జారవిడుస్తోంది. పాప పెదవులు చప్పరిస్తూ హాయిగా ఉంది.

"ఇప్పుడు చూడు ఎంత బుద్ధిమంతురాలో" అంది పలుపి, గోడకి చేరగిలపడి. పొట్టకి గట్టిగా నడికట్టు చుట్టి ఉంది, చేతిలో పసుపు చింతపండు కషాయం. "సందె వేళయ్యేసరికి మొదలుపెడుతోందవ్వా. ఎందుకేడుస్తుందో తెలీదు. పాలు వద్దంటుంది, ఎత్తుకున్నా వద్దంటుంది."

"మీ అత్త కోళ్ళు బుట్ట తన్నేశాయేమో. దీపం ఆరితే చెల్లి భయపడుతుంది, చెల్లి భయపడితే ఇది ఏడుస్తుంది."

"నా కోళ్ళ జోలికి రాకు" అంది పెరట్లోంచి సుదర్మి. "దీపం వెలిగించేది నేను. రెప్ప వెయ్యకుండా చూసుకుంటున్నా." అంటూ తీగ మీద ఆరిన బట్టలు తీసుకుని లోపలికొచ్చింది. పైనున్నది పిట్టల గుడ్డ. "నీ మూట విప్పి నేనే ఉతికా అవ్వా. రెండుసార్లు నానబెట్టినా ఈ మూల మరక పోలేదు. పోకపోతే పోయిందిలే, మన పాపదేగా."

అవ్వ చెయ్యి నీళ్ళలో ఆగింది.

ఆ గుడ్డ పలుపి నడుమునుంచి తనే తీసింది. వినార్సి నడుముకి తనే చుట్టింది. మళ్ళీ ఇటు తేలేదు. మరక ఎవరిదో ఆ గుడ్డ చెబుతూనే ఉంది, తనకే ఇన్నాళ్ళూ వినపడలేదు. పాప నీళ్ళు చాలని కాళ్ళు ఝాడించింది. అవ్వ మామూలుగానే ఎత్తి, తుడిచి, పొట్టకి నూనె రాసి, బొడ్డు మీద గుడ్డ చుట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మనసు మాత్రం షెడ్డు వెనక డబ్బా దీపం దగ్గర ఉంది.

"ఏంటవ్వా, మాట్లాడవు?" అంది పలుపి.

"వయసైపోయిందమ్మా" అంది అవ్వ.

అక్కణ్ణుంచి తిన్నగా ఆస్పత్రికి పోయింది. లిలిస్ కత్తెరలు మరగబెడుతోంది. మాయల మూటలు తారుమారయ్యాయని అవ్వ చెబుతున్నంతసేపూ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"వదిలెయ్ అవ్వా" అంది చివరికి, నెమ్మదిగా. "ఎవరికీ తెలీదు. పిల్లలు మారలేదు కదా, దేవుడి దయ. నువ్వు నోరు విప్పితే సుదర్మమ్మ ఊరుకోదు. పైవాళ్ళకి చెబుతుంది. పైవాళ్ళు ముందు చేసేది నిన్ను గదిలోకి రానివ్వకపోవడం. నాకు నువ్వు కావాలి. నువ్వు లేని పురుడు ఎంత గోలగా ఉంటుందో నాకు తెలుసు."

"నీ మాయ ఎక్కడ పాతారు?"

లిలిస్ మూత పక్కన పెట్టింది. "మా అమ్మమ్మగారింట్లో. వంటింటి పక్క" అంది. "ఇప్పటికీ ఆ ఊరెళితే అక్కడ కాసేపు నిలబడతాను. ఎందుకో నన్నడక్కు."

"నేనడగను" అంది అవ్వ. లిలిస్ మంట తగ్గించింది. "పట్టుకెళ్ళేదాకా ఆ మూటల బాధ్యత మనిద్దరిదీనూ. నేను కూడా చూడాల్సింది. అడిగితే ఆ మాట నేను చెబుతాను" అంది లిలిస్. అవ్వ ఆమె చెంప నిమిరి బయటికొచ్చింది.

షెడ్డు వెనక గదిలో సోయాపాలు విరిగే వాసన, ఆవిరి. వినార్సి కింద చాప మీద కూర్చుని పాపకి పాలిస్తోంది. అవ్వ ఆ పాదాలకి అల్లం పసరు పట్టించడానికి కూర్చుంది.

"పిల్ల అల్లరి చేస్తోందా?"

"లేదవ్వా. నాకే ఆశ్చర్యంగా ఉంది. ఒక్క ఏడుపు లేదు. సందెవేళ ఎవరో జోకొడుతున్నట్టు పడుకుంటుంది." వినార్సి గొంతు తగ్గించింది. "దీపమే నిలవట్లేదు. ఆవిరికి ఆరిపోతుంది, గాలికి ఆరిపోతుంది. రోజూ నాలుగైదుసార్లు పాకుతూ వెళ్ళి వెలిగిస్తున్నా. పాపం, దాని చెల్లి చీకట్లో ఉంటోంది. వాళ్ళ నాన్న ఉంటే ఏదో ఒకటి అడ్డం కట్టేవాడు."

అవ్వ తల వంచుకుని పాదం రాస్తూనే ఉంది. చీకట్లో ఉన్నది ఎవరి చెల్లో, రెప్ప వెయ్యని కాపలాలో ఉన్నది ఎవరి చెల్లో ఇప్పుడు తనకొక్కదానికే తెలుసు. సందెవేళ ఏ పాప ఏడుస్తోందో, ఏ పాప నిద్రపోతోందో కూడా తెలుసు. తన బతుకుతెరువు కోసం పసిపిల్లని రోజూ ఏడిపించడమా? ఆ పాదం పని పూర్తిచేసి, రెండో పాదం కూడా పూర్తిచేసి, అప్పుడు లేచింది.

మసీదులో సందె నమాజుకి పిలుపు వినిపించే వేళకి మిల్లు వాళ్ళ గుమ్మంలో ఉంది. సుదర్మి చూరు కింద గొంతుక్కూర్చుని ఒత్తి సరిచేస్తూ దీపంతో మాట్లాడుతోంది. "ఇవాళ మీ అక్క పొట్టనిండా తాగింది. నువ్వు భయపడకు. నల్లపెట్టని కట్టేశాను." లోపల పాప ఏడుస్తోంది. హందోకో భుజాన వేసుకుని వసారాలో తిరుగుతున్నాడు, పలుపి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

అవ్వ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. గుడ్డ తీసిన సంగతి, చుట్టిన సంగతి, మూట కట్టిన సంగతి, తల తిప్పకుండా హందోకోతో అన్న మాట, అన్నీ వరసగా.

"ఇక్కడ పడుకున్నది ఆ పిల్ల చెల్లి. మీ పాప చెల్లి షెడ్డు వెనకుంది. ఒకసారి మట్టిలో పడుకోబెట్టినవాళ్ళని తవ్వి లేపకూడదు, అది నీకూ తెలుసు. తప్పు నాది సుదర్మీ. నన్ను పిలవొద్దని నువ్వంటే ఊరంతా అంటుంది. అను. నేను కాదనను. కానీ పిల్లలకి తెలియాలి, ఎవరి తోబుట్టువు ఎక్కడుందో."

హందోకో తన చేతుల వంక చూసుకున్నాడు. సుదర్మి చేతిలో ఒత్తి ఎగదోసే పుల్ల అలాగే ఉంది. తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కడ దీపం పెడుతున్నారా?"

"పెడుతోంది. నిలవట్లేదు."

సుదర్మి లేచి లోపలికి పోయింది. లోపల పెట్టె మూత చప్పుడైంది. అవ్వ గుమ్మం స్తంభం పట్టుకుంది. కోపం వచ్చినప్పుడు సుదర్మి గొంతు మిల్లుదాకా వినపడుతుంది. నోరెత్తకుండా లోపలికి పోవడం ఎవరూ ఎరగరు. అందుకే అవ్వకి ఎక్కువ భయమేసింది.

బయటికొచ్చేసరికి సుదర్మి ఒక చేతిలో గాజుచిమ్నీ లాంతరు, చంకలో నూనెసీసా, భుజం మీద పిట్టల గుడ్డ ఉన్నాయి.

"నడు" అంది అవ్వతో.

"అమ్మా, మరి ఇది?" అన్నాడు హందోకో, చూరు కింది దీపం చూపిస్తూ.

"ఇదేంటి, ఇది? నా చూరు కింద పడుకున్నదాన్ని లేపి పొమ్మంటానా? మన వంశంలో ఆ ఆచారం లేదు. నువ్వు కడిగావు, నువ్వు పాతావు. కాలిమంతాన్‌లో ఉన్నవాడు వచ్చి అడిగేదాకా దీనికి తండ్రివి నువ్వే." మెట్టు దిగి మళ్ళీ ఆగింది. "పలుపీ, పక్కగదిలో వడ్లబస్తాలు తీయించు. చెల్లి ఇక్కడుండి తల్లీ అక్కా ఆ ఆవిరిలో ఉండడమేంటి? బాలింత రోజూ సందెవేళ ఇంతదూరం నడిచొచ్చి దీపం పెడుతుందా?"

"ఆ లెక్కన నేనూ పాపా షెడ్డుకి పోవాలి కదత్తయ్యా?" అంది పలుపి. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, మాటలో నవ్వుంది.

"నీ బదులు నేను పోతున్నాగా. కాళ్ళున్నాయి నాకు."

ఊరు మధ్యలోంచి మిల్లు యజమానురాలు చేతిలో లాంతరుతో, వెనక కత్మియా అవ్వతో నడిచిపోతుంటే అరుగుల మీదివాళ్ళు మాటలు ఆపి చూశారు. ఒకావిడ ఎక్కడికని అడిగింది. "మనవరాలి దగ్గరికి" అంది సుదర్మి, ఆగకుండా.

షెడ్డు వెనక బురద. డబ్బా దీపం ఆరిపోయి ఉంది. సుదర్మి చెప్పులు విడిచి, అక్కడే గొంతుక్కూర్చుని, ఆ డబ్బాని రెండు చేతులా తీసి పక్కన పెట్టింది. లాంతరు వెలిగించి చిమ్నీ బిగించి మట్టి మీద కుదురుగా నిలబెట్టింది. చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చింది. కాసేపు దాని వంక చూసింది. అప్పటిదాకా బింకంగా ఉన్న మొహం ఒక్కసారి కరిగిపోయింది.

"మూడు రోజులు చీకట్లో ఉంచానే తల్లీ నిన్ను" అంది.

చప్పుడు విని వినార్సి పాపనెత్తుకుని గుమ్మంలోకొచ్చింది. సుదర్మిని చూసి గోడకి అతుక్కుపోయింది. అవ్వ దగ్గరికెళ్ళి, చెయ్యి పట్టుకుని, జరిగింది నాలుగు మాటల్లో చెప్పింది. వినార్సి మొదట లాంతరు వంక చూసింది, తర్వాత పాప వంక.

"అయితే దీని చెల్లి... అక్కడ దీపం ఆరలేదా?"

"ఒక్కసారి కూడా ఆరలేదు" అంది అవ్వ.

వినార్సి అవ్వ భుజంలో మొహం దాచుకుంది. ఆ రోజు ఆస్పత్రి వరండాలోంచి వినపడ్డ మాటలు ఎవరూ మర్చిపోలేదు, సుదర్మి అసలే మర్చిపోలేదు. వీపు తిప్పే ఉంచి, ఇటుక ఒకటి అనవసరంగా సర్దుతూ అడిగింది.

"నా కేకకి మిల్లు ఆగిన సంగతి ఈ ముసల్ది నీకు చెప్పిందట కదా?"

వినార్సి పాపని ఇంకా దగ్గరికి హత్తుకుంది.

"మరి నువ్వు అరిచావా?"

"అరిచానమ్మా."

"మంచిదైంది." సుదర్మి లేచి, చేతులు చెంగుకి తుడుచుకుని, భుజం మీది పిట్టల గుడ్డ తీసి పాప మీద కప్పింది. మరక ఉన్న మూల తనే మడిచి లోపలికి పెట్టింది. "నీ కూతురి మరక. ఎంత ఉతికినా పోలేదు. పద, సామాను సర్దుకో. అక్కడ కోళ్ళగోల తప్ప ఇంకే ఇబ్బందీ లేదు."

సామాను అంటే ఒక చాప, ఒక గిన్నె, రెండు జతల బట్టలు. అవన్నీ సుదర్మే చంకలో పెట్టుకుంది. అవ్వ పాపనెత్తుకుంది. వినార్సిని మధ్యలో పెట్టుకుని, బాలింత అడుగుకి తగ్గట్టు ముగ్గురూ నెమ్మదిగా కదిలారు.

"అవ్వా" అంది సుదర్మి కొంతదూరం పోయాక. "రేపు నర్సమ్మకి చెప్పు. ఈసారి ఎవరైనా ఒంటరిగా వస్తే నాకు కబురుపెట్టమను. ఇద్దరికి నువ్వొక్కదానివి చాలలేదు, అందుకే ఇంత జరిగింది. నడుం నొక్కడానికి నాకూ చేతులున్నాయి."

"చేతులుంటే చాలదు. ఆ గదిలో నోరు తగ్గించాలి."

"తగ్గిస్తాలే" అంది సుదర్మి. మలుపు తిరిగేముందు ఆగి వెనక్కి చూసింది. ఇటుకల మధ్య లాంతరు నిలకడగా వెలుగుతోంది. అప్పటికి మిల్లు వాళ్ళింట్లో పాప ఏడుపు ఆగిందో లేదో అవ్వకి ఇంకా తెలీదు. తెలుసుకోవాలని కొంచెం జోరుగా నడిచింది.